క్యూబుకున్న భాగ్యం

మా బావమరిది ఇంజనీరు. అంటే వంతెనలు కడతాడనుకునేరు. ఫోన్లు ఎత్తుతాడు.

ఒక ప్రభుత్వ శాఖలో ఏఈ. పొద్దున బ్రష్ నోట్లో ఉండగానే సర్పంచి గారి ఫోను: సీసీ రోడ్డు ఇంకో నాలుగు గడపలు సాగదీయమని. ఎస్టిమేట్‌ని రబ్బరుతో వేస్తారని ఆయన నమ్మకం. ఆ నాలుగో గడప ఆయన తోడల్లుడిది. తర్వాత కాంట్రాక్టరు. టెండరులో 20 శాతం తక్కువకి వేసి పని దక్కించుకున్నవాడు, ఇప్పుడా 20 శాతాన్ని సిమెంటు బస్తాల్లో వెతుక్కుంటున్నాడు. వాడు వెతుక్కోకుండా చూడ్డమే మావాడి ఉద్యోగం. చూడాలంటే సైటుకి వెళ్లాలి. వెళ్దామంటే పదకొండింటికి వీడియో కాన్ఫరెన్సు. పనులెందుకు నత్తనడక నడుస్తున్నాయో రెండు గంటలు చర్చిస్తారు.

ఎలాగో సైటు చేరాడే అనుకోండి, ముందు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ కోసం మొన్న సగం కట్టిన వాటర్ ట్యాంకు ఎక్కాడు. పాపం, ఆ ట్యాంకు అప్పుడైనా ఒకరికి పనికొచ్చింది.

సాయంత్రం ఎం-బుక్కు, అంటే పనుల కొలతలు రాసే పుస్తకం. పేజీ చింపకూడదు, అంకె చెరపకూడదు, దిద్దితే పక్కన సంతకం పెట్టాలి. ఇంటి దస్తావేజులు ఎక్కడున్నాయో మావాడికి తెలీదు గానీ, ఎం-బుక్కు తలగడ పక్కన లేకపోతే నిద్రపట్టదు. అందులో న్యాయం లేకపోలేదు. ప్రారంభోత్సవం శిలాఫలకం మీద పదిహేను పేర్లుంటాయి, మావాడిది ఉండదు. స్లాబు పగిలిందా, మెమోలో మొదటి పేరు మావాడిదే.

మంత్రిగారొస్తే మాత్రం వేరే సంగతి. ఏడాదిగా నిధుల్లేని గుంతలు ఒక్క రాత్రిలో పూడిపోతాయి. ఆయన రాని వీధుల్లో ఇంకా నిధుల్లేవు.

సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య గారి జయంతి. ఆఫీసులో ఆయన పటానికి, పక్కనే కాటన్ దొర పటానికి దండలు వేశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కల్లా పూర్తయిందని ఎవరో ఉపన్యసించారు. ‘‘అయిదేళ్లలో ఎలా కట్టాడంటావురా?’’ అన్నాను. ‘‘గోదావరి గట్టున సిగ్నల్ లేదు బావా’’ అన్నాడు.

దండలయ్యాక నన్ను ల్యాబుకి తీసుకెళ్లాడు. నీళ్లతొట్టిలో 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబులు మునిగి ఉన్నాయి, ఒక్కోదాని మీద తేదీ. 28 రోజులు అలాగే ఉంచుతారట. ఎవరూ కదపరు, ఎవరూ పిలవరు. మావాడు వాటివంక, పుట్టింటికొచ్చిన కూతుర్ని చూసినట్టు చూశాడు.

‘‘28వ రోజున?’’ అన్నాను.

‘‘మిషన్లో పెట్టి, పగిలేదాకా నొక్కుతాం. ఎంతకి పగిలిందో రాసుకుంటాం.’’

జేబులో ఫోను మోగింది. పేరు చూసి, ‘‘మనకి ముందా 28 రోజులు లేవు బావా, అంతే తేడా’’ అంటూ ఎత్తాడు.