కొడుకు పేరు కార్డీలియా

ప్రతి ప్రభుత్వానికీ ఏదో ఒక శుభముహూర్తాన సముద్రం గుర్తుకొస్తుంది. మర్నాడు పేపర్లో తెల్లటి ఓడ బొమ్మ, దాని కింద కోట్ల అంకె. 2024 సెప్టెంబరులో కేంద్రం 'క్రూజ్ భారత్ మిషన్' మొదలుపెట్టింది. 2029 నాటికి సముద్రం మీద పది లక్షల మంది, నదుల మీద పదిహేను లక్షల మంది విహరించాలట. విహరించండి, కాదన్నదెవరు? పామర్రు సెంటర్లో టీ తాగేవాళ్ళు మాత్రం అందులో మన వాటా అప్పుడే తేల్చేశారు. బెజవాడలో ఓడెక్కడం, సాగర సంగమం చూడటం, బందరులో దిగి చేపల పులుసుతో భోంచేసి, లడ్డు పొట్లంతో మళ్ళీ ఓడెక్కడం. 2022లో విశాఖకు కార్డీలియా అనే క్రూజ్ ఓడ వచ్చి వెళ్ళింది కదా, మనకెందుకు రాదంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు కార్డీలియా.

ముందు దారి సంగతి. ప్రకాశం బ్యారేజీ దిగువన వరద రోజుల్లో తప్ప కృష్ణలో కనిపించేది ఎక్కువగా ఇసుకే. పైనుంచి బందరు దిక్కుగా పడవలు బయల్దేరి రావడం ఈమధ్య ఒక్కసారే చూశాం. 2024 సెప్టెంబరు మొదట్లో, పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో. టిక్కెట్టు లేదు, సరంగు లేడు. నేరుగా వచ్చి బ్యారేజీ గేట్లకు గుద్దుకుని అక్కడే ఇరుక్కున్నాయి. వాటిని బయటికి లాగడానికి ఇంజనీర్లు పడ్డ పాట్లు జిల్లా అంతా రోజుల తరబడి టీవీలో చూసింది.

పోనీ కాలువలో వెళ్దామా? 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల్ని సాగుకే కాదు, పడవలకూ పనికొచ్చేట్టు లాకులు పెట్టి కట్టారు. 1908లో బందరుకు రైలొచ్చేదాకా ధాన్యం బస్తాలూ మనుషులూ వీటి మీదే వెళ్ళేవారు. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవను లాగేవారు. దాన్ని విహారం అన్నది లోపల కూర్చున్నవాడే అయ్యుంటాడు. ఇప్పుడా కాలువల్లో గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే, చాలాచోట్ల కోడిపిల్ల కాలు తడవకుండా అవతలి గట్టు చేరుతుంది. ఓడ సంగతి మీరే ఊహించుకోండి.

సరే, దారి ఉందనే అనుకుందాం. ఏ నెలలో వెళ్తారు? పిల్లలకు సెలవులు వేసవిలో. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. గిలకలదిండి హార్బరులో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటుంటారు. ఆ రోజుల్లో 'సముద్రపు చేప' అని మీ విస్తట్లో పడేది కైకలూరు చెరువులో మేత తిని పెరిగిన బొచ్చె అయ్యే అవకాశమే ఎక్కువ. మీరు నీళ్ళ మీద వచ్చారు, చేప ఐసుపెట్టెలో రోడ్డు మీద వచ్చింది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. అక్టోబరు వచ్చిందంటే వాయుగుండాలు. నవంబరు గురించి ఈ తీరానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు: 1864 నవంబరు 1 ఉప్పెన బందరులో సుమారు ముప్పై వేల మందిని మింగింది, 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. జనవరిలో జనం కోడిపందాల బరి దగ్గరుంటారు. ఇక మిగిలింది ఫిబ్రవరి, మార్చి. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సంగమ స్నానానికి జనం పోటెత్తుతారు, నిజమే. వచ్చేది బస్సుల్లో, ఆటోల్లో, ట్రాక్టర్లలో.

ఇక రేవు. బందరుకు క్రూజ్ పాసింజర్ల అనుభవం లేదని మాత్రం ఎవరూ అనలేరు. లోతు చాలక ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేస్తే, జనం చిన్న పడవల్లో ఒడ్డుకు చేరేవారు. డచ్చివాళ్ళు అలాగే దిగారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు. ఒడ్డున విస్తరేసుకున్నవాళ్ళలో ఇంగ్లీషువాళ్ళు మటుకు 1947 దాకా చెయ్యి కడుక్కోలేదు. బిల్లు ఎవరు కట్టారో మీకు తెలుసు.

కొత్త రేవుకు 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో ఇంకొకరు, 2023లో మరొకరు శంకుస్థాపన చేశారు. ఆ మూడు రాళ్ళూ తిప్పి చూపిస్తే అదే సగం రోజు టూరు. ఇప్పుడు పనులు నిజంగానే సాగుతున్నాయి, సంతోషమే. కాకపోతే అది సరుకుకీ బొగ్గుకీ కంటైనర్లకీ కడుతున్న రేవు. బొగ్గు దిబ్బ పక్కన కొవ్వొత్తి వెలుగులో రొయ్యల వేపుడు తినాలనుకునేవాళ్ళుంటే నాకు అభ్యంతరం లేదు.

అసలు ఓడలో వచ్చినవాడు ఒడ్డున తింటాడని ఎవరు చెప్పారు? క్రూజ్ టిక్కెట్లో తిండి ముందే కలిపేస్తారు. మనిషి దిగి నాలుగు ఫోటోలు తీసుకుని, ఆకలేసే వేళకు ఓడకే పోతాడు. రద్దీ ఊరికి, లాభం ఓడకి. విసిగిపోయిన ఇటలీ 2021 ఆగస్టు నుంచి వెనిస్ నడిబొడ్డు కాలువలోకి పెద్ద ఓడల్ని రానివ్వడం మానేసింది. ఇక మన బందరు తొక్కుడు లడ్డు సంగతి తీసుకోండి. శనగపిండి పూస వేయించి, రోట్లో దంచి, జల్లించి, పాకం పోసి, నెయ్యి వేస్తూ మళ్ళీ దంచితే గానీ ఆ మెత్తదనం రాదు. ఆ రోకలి పోటుకున్న రుచి కోసం ఓడెందుకండీ? పామర్రులో బస్సెక్కితే గంటలో బందరు.

ఈ సీమలో రోజూ పడవెక్కేవాళ్ళు లేకపోలేదు. నాగాయలంక దాటి ఏటిమొగ రేవుకు వెళ్ళి చూడండి. ఎదురుమొండి దీవుల జనం బియ్యం బస్తా, గ్యాస్ బండ, మోటారు సైకిలు, జ్వరమొచ్చిన పిల్లాడు, అన్నీ పంటు మీదే దాటిస్తారు. గాలి ఎక్కువైతే పంటు ఆగుతుంది, పనీ ఆగుతుంది. వాళ్ళెవరూ దాన్ని క్రూజ్ అనరు. వంతెన ఎప్పుడని అడుగుతారు, అడుగుతూనే ఉన్నారు. నాలుగు వరసల రోడ్డున్న మనకు పడవ సరదా, రోడ్డు లేని వాళ్ళకు పడవ గతి. సరదాకి బొమ్మ వేసినంత తొందరగా గతికి టెండరు పిలవరు.

ఇంకో మాట, ఇది నవ్వులాటకి కాదు. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం చూద్దామని బయల్దేరిన పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. దానికి అనుమతే లేదు. రెండేళ్ళు తిరక్కుండానే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలకు బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది.

కనుక ఓడ బొమ్మలు వేసే పెద్దలకు మనవి. ముందు ఎదురుమొండి వంతెన పూర్తి చేయించండి. అది అయ్యేదాకా ఏటిమొగలో పంటెక్కే ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ ఇప్పించండి. కార్డీలియా సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.