చందువకి ఐసు, డ్రైవరుకి దండ

పాత్రలు:
ఓనరు – మరబోటు ఒకటి, పికప్పు ఒకటి ఉన్న ఆసామి. రెండూ తన ఫోను మీదే నడుస్తున్నాయని నమ్మకం.
డ్రైవరు – రాత్రి బండి నడుపుతాడు, పగలు ఎందుకు ఆలస్యమైందో చెప్పుకుంటాడు.
మేస్టారు – స్టీలుప్లాంటు సేఫ్టీ విభాగంలో చేసి రిటైరైన పెద్దమనిషి. చేపలు కొనడానికి వచ్చి రూల్సు పంచి వెళతాడు.
చేపలమ్మ – రేవులో కొని మధురవాడలో అమ్ముతుంది. బరువు చూడకుండా చేపనీ, బేరం చూడకుండా మనిషినీ నమ్మదు.

(విశాఖ ఫిషింగ్ హార్బర్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ముగిసి, బోట్లు సరుకుతో తిరిగొస్తున్న రోజులు. వేలంపాట అయిపోవచ్చింది. జెట్టీ మీద ట్రేల నిండా చందువలు, వంజరాలు, కానాగంతలు. పక్కన పికప్పు. క్యాబిన్లో ఎర్రవీ నీలివీ లైట్లు తిరుగుతున్నాయి.)

ఓనరు: చూశారా మేస్టారూ! నిషేధం రెండు నెలలూ బండిని ఊరికే ఉంచలేదు. లోపలంతా కొత్తగా చేయించాను. రెగ్జిను సీటు కవర్లు, వాటి మీద పూసల చాప, రంగుల లైట్లు, రెండు స్పీకర్లు. ముందద్దానికి పైన మా అమ్మ పేరు, కింద దేవుళ్లు, మధ్యన దండ.

మేస్టారు: బాగుంది. రోడ్డు ఎక్కణ్ణించి కనపడుతుంది?

డ్రైవరు: దండ కుడేపు ఊగినప్పుడు ఎడం పక్క బస్సు కనబడతాది మేస్టారూ. ఎడమేపు ఊగినప్పుడు కుడి పక్క లారీ. రెండూ కలిపి మనమే లెక్కేసుకోవాల.

మేస్టారు: ముందద్దంలోంచి కనీసం 70 శాతం, పక్కద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూలుందయ్యా. అద్దాలకి నల్ల ఫిల్ములు అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది.

ఓనరు: మేం ఫిల్ములు అంటించలేదు కదండీ, దేవుళ్లని అంటించాం. దేవుళ్లని తీసెయ్యమని ఏ కోర్టు చెప్పింది?

చేపలమ్మ: దేవుడు కాపాడాలంటే ఆయనకీ రోడ్డు కనబడాల కదా బాబూ. మొహం లోపలికి తిప్పి అంటించీసినారు. ఎదర ఏ లారీ వత్తందో ఆ సామికేటి తెలుసు?

మేస్టారు: (సీటు మీద కూర్చుని) ఇదేమిటోయ్, సీటు ఇంత వెనక్కుంది? నీకు కాళ్లెలా అందుతున్నాయి?

డ్రైవరు: అందవు. ఆ సీటు రెండో డ్రైవరుకి పెట్టింది. ఆడు ఆరడుగులు. నాను ఈపు ఎనకాల తలగడెట్టుకుంటాను.

మేస్టారు: సీటు కింద మీట ఉంటుంది కదా!

డ్రైవరు: ఉన్నాది. కొత్త కవరు లోపలెట్టి కుట్టీసినారు.

ఓనరు: మీట బయటికి వేలాడుతుంటే చూడ్డానికి బాగుంటుందా చెప్పండి? అంత ఖరీదైన రెగ్జిను!

మేస్టారు: విను. క్లచ్చి అడుగంటా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. తల వెనక దిండు నీ తలంత ఎత్తుకి రావాలి. మెడ దగ్గరే ఆగిపోతే, వెనకనుంచి ఎవడైనా గుద్దినప్పుడు తల దాని మీదుగా వెనక్కి విరుచుకుపోతుంది. ఇదంతా అయ్యాకే అద్దాలు తిప్పుకోవాలి. ముందు అద్దాలు తిప్పి తర్వాత సీటు జరిపితే ఆ తిప్పినదంతా దండగ.

డ్రైవరు: ఆ మీట కుట్టకముందు నడుపుతా నడుపుతానే జరిపీసీవోణ్ణి మేస్టారూ.

మేస్టారు: అది మరీ ప్రమాదం. బండి ఆగి ఉన్నప్పుడే జరపాలి. జరిపాక టక్కుమని పట్టిందో లేదో ముందుకీ వెనక్కీ ఊగి చూసుకోవాలి. పట్టని సీటు మీద కూర్చుని బ్రేకు తన్నితే, సీటు వెనక్కి జారుతుంది గానీ బ్రేకు పడదు.

ఓనరు: సీటుకి రెండు నిమిషాలు, దిండుకి ఒక నిమిషం, అద్దాలకి రెండు. మీరు చెప్పినట్టు చేస్తే బండి శ్రీకాకుళం చేరేసరికి మార్కెట్టు కడిగేసి ఉంటారు.

చేపలమ్మ: ఆ దండ కట్టడానికి ఎంతసేపు పట్టినాది బాబూ?

ఓనరు: దానికి ముహూర్తం చూశాం. అది వేరు.

మేస్టారు: (కాలితో తడిమి) పెడళ్ల దగ్గర ఈ నీళ్ల సీసా ఏమిటి?

డ్రైవరు: దాహానికి. అప్పుడప్పుడు దొర్లి బ్రేకు కిందకి ఎల్తాది. కాలితో ఇవతలకి లాగీసుకుంటాను.

మేస్టారు: లాగడం కుదరని రోజు ఒకటి వస్తుందిరా నాయనా. సీసా తలుపు అరలో పెట్టు. కాలికింద పట్టా మడతపడి పెడలు కిందకి వెళ్లకుండా చూడు. ఐసునీళ్లలో, చేప జిగట్లో తిరిగిన చెప్పులతోనే క్లచ్చి తొక్కుతున్నావు. ఎక్కేముందు ఓ పొడిగుడ్డతో కాళ్లు తుడుచుకుంటే జారదు.

చేపలమ్మ: గుడ్డ నేనిత్తాను. దానికి రెగ్జినక్కర్లేదు.

డ్రైవరు: వానొత్తే ఇంకో బాధ మేస్టారూ. తడిబట్టలతో ఎక్కి అద్దాలు మూసీసరికి ఎదరద్దమంతా ఆవిరి పట్టీసి, ఏటీ కనబడదు. ఒక సేత్తో తువ్వాలు, ఒక సేత్తో స్టీరింగు.

మేస్టారు: గాలి మీటని ముందద్దం వైపు తిప్పు, బయటిగాలి లోపలికి రానీ. పక్కద్దం వేలెడు దించు. తడి గోనెలు క్యాబిన్లో పెట్టుకోకు. అద్దానికి లోపలివైపు అగరొత్తుల పొగ జిడ్డు కట్టి ఉంది, అది తుడిస్తే సగం బాధ పోతుంది. ఏసీ ఉంటే వేసుకుంటే సరి.

డ్రైవరు: (ఆశగా) ఏసీ అంటే గుర్తొచ్చినాది. బళ్లకి ఏసీ పెట్టాలని గవర్మెంటోళ్లు రూలు తెచ్చినారంట కదా?

మేస్టారు: తెచ్చారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే సరుకుల లారీల క్యాబిన్లకి ఏసీ ఉండి తీరాలి. మొత్తం బరువు 3.5 టన్నులు దాటినవాటికి.

ఓనరు: (వెంటనే) మనది 3.5 లోపే! ఆ రూలు నాకు కంఠతా వచ్చు.

డ్రైవరు: చందువకి మట్టుకు పెట్టెకింత అని ఐసు కొంటారు బాబుగారూ.

ఓనరు: ఐసు లేకపోతే చందువ పాడవుతుంది. రేటు పడిపోతుంది. నీకు పడిపోయే రేటేముంది?

(చేపలమ్మ పైకి చూస్తుంది. రంగుల లైట్లు ఇంకా తిరుగుతున్నాయి.)

చేపలమ్మ: ఆ లైట్ల వైరు ఎక్కణ్ణించి తీసినారు?

ఓనరు: మా మెకానిక్కు వేసిన తీగ. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, దాని చోట రాగితీగ చుట్టేశాం. ఇక పోదు.

మేస్టారు: ఫ్యూజు పోయేది తీగ వేడెక్కి అంటుకోకుండా ఉండటానికే కదయ్యా! అది పోలేదంటే తర్వాత బండే పోతుంది.

చేపలమ్మ: ఈ రేవులో నిప్పు గురించి ఒకరు సెప్పక్కర్నేదు బాబూ. 2023 నవంబరు 19 రాత్రి నలబై దాకా పడవలు కాలిపోయినప్పుడు మనమందరం ఇక్కడే నిలబడి సూసినాం. డిస్కో లైటు కోసం మళ్లీ ఆ రాత్రి ఒద్దు.

ఓనరు: (లైట్లు ఆర్పేసి) సరే. పండగలకి వేసుకుంటాం.

మేస్టారు: ఇక అసలు సంగతి. సీటు బెల్టేదోయ్?

డ్రైవరు: బెల్టు ఉన్నాది. అది దూర్చేది కవరు కింద ఉన్నాది. హనుమంతవాక దగ్గర పోలీసులుంటే బెల్టు ఛాతీ మీదకి లాగి సేత్తో పట్టుకుంటాను.

మేస్టారు: ఏ చేత్తో?

డ్రైవరు: గేరు సేత్తో.

మేస్టారు: మరి గేరు?

డ్రైవరు: పోలీసులు దాటేదాకా ఒకటే గేరు.

ఓనరు: పట్టుకుంటే వెయ్యి రూపాయలు ఫైను మేస్టారూ, అందుకే ఆ తిప్పలు. ఆన్‌లైన్లో ఏదో క్లిప్పు ఉందట, బెల్టు బదులు అది గుచ్చేస్తే కార్లు కూడా పీపీమని అరవవట. మనకీ ఒకటి తెప్పిద్దామని చూస్తున్నాను.

మేస్టారు: ఆ క్లిప్పుల అమ్మకం ఆపమని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఆన్‌లైన్ కంపెనీలకి ఆర్డరు వేసింది. పదమూడు వేలకి పైగా క్లిప్పుల ప్రకటనలు తీసేశారు.

ఓనరు: పదమూడు వేలా! అంటే గిరాకీ ఉన్న సరుకే.

డ్రైవరు: మేస్టారూ, తప్పుగా అనుకోకండి. బెల్టుంటే బండి గుద్దినప్పుడు దూకడానికి అవ్వదు కదా?

మేస్టారు: గంటకి 50 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. బండి గుద్దుకుని ఆగుతుంది, నువ్వు మాత్రం ఆగవు. అదే వేగంతో స్టీరింగు మీదకో అద్దంలోంచి బయటికో పోతావు. తలుపు పిడి మీద చెయ్యి పడేలోపే అంతా అయిపోతుంది. దూకేదెప్పుడు?

చేపలమ్మ: ఒరే నాయనా, నువ్వు పెట్టిలో చేప ఎలా సర్దుతావు? అడుగున ఐసు, దాని మీద చేప, మళ్లీ ఐసు. సందుల్లో కూడా ఐసుపొడి కూరతావు. ఎందుకురా? సందుంటే చేప కొట్టుకుంటాది, కొట్టుకుంటే చందువ పొట్ట పగులుతాది. చచ్చిపోయిన చేప కదలకూడదని అంత జాగర్త పడతావు, బతికున్నోడివి నువ్వు వదులుగా కూకుంటావేటి?

(డ్రైవరు ఏమీ అనలేదు. తలగడ వెనక నుంచి లాగి బయట పెట్టాడు.)

మేస్టారు: అలా! కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి, పొట్ట మీద కాదు. పైపట్టీ భుజం మీంచి ఛాతీకి అడ్డంగా రావాలి, మెలిపడకూడదు. తలగడో తువ్వాలో మధ్యలో ఉంటే పట్టీ వదులవుతుంది. ఇలా మూడు చోట్ల పట్టే బెల్టుని 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని వోల్వో ఆ పేటెంటుని వదిలేసింది.

ఓనరు: ఊరికే వదిలేసిందా? అయితే దాంట్లో ఏదో లోపం ఉండే ఉంటుంది.

చేపలమ్మ: మేస్టారూ, మాటాడినంతసేపూ మీ హెల్మెట్టు పట్టీ కిందకి వేలాడతానే ఉన్నాది.

మేస్టారు: ఇప్పుడు బండి మీద లేను కదమ్మా.

చేపలమ్మ: బండి మీద వచ్చినప్పుడూ అలాగే ఉన్నాది. నేను సూసినాను.

మేస్టారు: (పట్టీ బిగించుకుంటూ) గాలి కోసం వదిలాను.

ఓనరు: సరే, ఇప్పుడివన్నీ చేయాలంటే ఎంతవుతుందో చెప్పండి. సీటు సర్దడానికి, అద్దాలు తిప్పడానికి, దిండు ఎత్తడానికి.

మేస్టారు: ఏమీ కాదు. అన్నీ కంపెనీ బండితోనే ఇచ్చింది.

ఓనరు: ఏమీ కాదా? పైసా ఖర్చు లేని పనికి విలువేముంటుందండీ! రెగ్జినుకైతే బిల్లుంది.

చేపలమ్మ: బిల్లు నేను రాత్తాను బాబూ. ఈ పికప్పులో నా పెట్టిలు, నా తోటోళ్ల పెట్టిలు కలిపి సగం బండి. బెల్టు కవరు కిందున్నంతసేపు మా చేప ఈ బండి ఎక్కదు. పక్క బండోడు వేలంపాట దగ్గరే ఉన్నాడు. ఇంకో మాట. మీరు సెప్పినారని పెట్టిల మీద మమ్మల్ని కూకోబెట్టుకుని తీసుకెళ్లడమూ ఒద్దు. మేం ఆటోలో వత్తాం.

(ఓనరు చేపల కత్తి అడిగి తీసుకున్నాడు. రెగ్జిను కుట్టు తెంపుతుంటే అతని మొహం చూడలేక మేస్టారు పక్కకి తిరిగాడు. కవరు కింద సీటు మీట, దాని పక్కన బెల్టు దూర్చే లాకు బయటపడ్డాయి. లాకు మీద కంపెనీ ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది.)

ఓనరు: కొత్తదే! ఒక్కసారి కూడా వాడలేదు. చూడండి, ఎంత జాగ్రత్తగా ఉంచామో.

(డ్రైవరు సీటు ముందుకి జరిపి, ఊగి చూసుకుని, అద్దాలు తిప్పి, దండ తీసి, బెల్టు పెట్టుకున్నాడు. పెట్టెలు ఎక్కాయి. స్టీరింగు పక్కన ఫోను మోగింది.)

డ్రైవరు: బాబుగారూ, నడిపినప్పుడు ఈ ఫోను మోగితే?

ఓనరు: ఎత్తకు. ప్రాణం ముఖ్యం. (కొంచెం ఆగి) నేను చేస్తే తప్ప.

చేపలమ్మ: ఆడికి మీరు తప్ప ఎవరు సేత్తారు బాబూ?