పాఠం సరే, అప్‌లోడ్ అయిందా?

మన సర్కారు బడుల్లో దేనికైనా కొరత ఉండొచ్చు గానీ, రుజువులకు మాత్రం లేదు. పిల్లలు వచ్చారనడానికి రుజువు, టీచర్లు వచ్చారనడానికి రుజువు, అన్నం వండారనడానికి, గుడ్డు పెట్టారనడానికి, మరుగుదొడ్డి కడిగారనడానికి, మొక్క నాటారనడానికి రుజువు. నాటిన మొక్క బతికిందా అని అడిగే నాథుడు లేడు. ఫొటోలో మొక్క పక్కన హెచ్‌ఎం నిలబడ్డారా, వెనక బ్యానర్ మీద అక్షరాలు కనబడుతున్నాయా, లొకేషన్ పడిందా, అదీ లెక్క. ఇన్ని రుజువుల సందున ఎక్కడైనా కాస్త పాఠం జరిగిపోతే, పెద్దమనసుతో చూసీచూడనట్టు వదిలేస్తున్నారు.

నేను జవహర్‌నగర్ వైపు పాఠాలు చెప్పుకునే టీచర్ని. ఈ ఊరి గురించి తెలియని వాళ్లకు ఒక ముక్క చెప్పాలి. హైదరాబాద్ మహానగరం వాడుకుని పారేసినదంతా లారీలెక్కి మా దగ్గరికే వస్తుంది. ఏళ్ల తరబడి పోసిన చెత్త గుట్టలై, ఆ గుట్టల మీద మట్టి కప్పితే కొండలై కూర్చుంది. గాలి ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి మా పిల్లలకు వాతావరణం యాప్ అక్కర్లేదు, ముక్కు చాలు. ఇదే జవహర్‌నగర్ చిరునామాతో, కాప్రా మండలంలోనే, 2008 నుంచి బిట్స్ పిలానీ వారి హైదరాబాద్ క్యాంపస్ కూడా ఉంది. అంటే కొత్త యంత్రాన్ని కనిపెట్టబోయే ఇంజినీరు ఒక పక్క, పాడైన యంత్రాన్ని విప్పి రాగి తీగ లాగే కూలీ ఇంకో పక్క. మధ్యలో మా సర్కారు బడి. గాడ్జెట్ల పుట్టుకా చావూ రెండూ కూతవేటు దూరంలో చూస్తూ పెరిగే అదృష్టం దేశంలో ఇంకే పిల్లలకు ఉంది చెప్పండి!

ఇంకో అదృష్టం కూడా ఉంది. మా డంపింగ్ యార్డులో చెత్తను కాల్చి కరెంటు తీస్తారు. 2020లో 19.8 మెగావాట్లతో మొదలై తర్వాత 24 మెగావాట్లకు చేరింది. ఊరి చెత్త కరెంటవుతుంది. ఊరి బడిలో మాత్రం కరెంటు పోతే డిజిటల్ తరగతి కాస్తా చీకటి గది అవుతుంది. ఇన్వర్టర్ ఏదీ అని అడిగితే, అది ఈ స్కీములో లేదు, వచ్చే స్కీములో చూద్దాం అంటారు.

స్కీములకేం తక్కువ! 2022 మార్చి 8న వనపర్తిలో ‘మన ఊరు - మన బడి’ మొదలైంది. 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు, పన్నెండు రకాల పనులు. నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీలతో పాటు డిజిటల్ చదువు కూడా ఆ పన్నెండింట్లో ఒకటి. మరుసటి ఏడాది హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు దిగాయి. గోడంత టీవీ, వేలితో రాస్తే రాస్తుంది, తుడిస్తే తుడుచుకుపోతుంది. దించిన రోజు కొబ్బరికాయ కొట్టారు, రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు గ్రూపులో పెట్టారు. వాటి వాడకం మీద జూమ్‌లో శిక్షణ ఇచ్చారు. శిక్షణలో సగం సేపు ‘సార్, మీ మైక్ మ్యూట్‌లో ఉంది’ అనడానికే సరిపోయింది.

నాకు అసలైన శిక్షణ మాత్రం తర్వాత దొరికింది. నేనెరిగిన ఒక బడిలో, అమ్మానాన్నలు గుట్ట మీద చెత్త ఏరుకునే ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ ప్యానెల్ వెనక్కి వెళ్లి, వంగి, జాలీలోంచి లోపలికి చూసి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ‘‘సార్, అద్దం ఎవ్వరు తీస్కోరు. ఎనక రేకు అల్యూమినియం, గది పోతది. లోపట బోర్డులకు మంచి రేటుంటది. రాగి మాత్రం గింతే’’ అని చిటికెన వేలు చూపించాడు. ‘‘ఖరాబైతె జెర చెప్పుండ్రి సార్, మా నాయినను తోల్కొస్త.’’ ఒక పరికరం గురించి అంత సూటిగా, అంత తడబాటు లేకుండా మాట్లాడిన రిసోర్స్ పర్సన్‌ని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ పిల్లవాడు లెక్కల్లో భిన్నాల దగ్గర ఆగిపోయాడు. కిలో లెక్కన తూకం, తూకం మీద తరుగు మాత్రం నోటితో వేసేస్తాడు. వాడికి కావలసింది పక్కన కూర్చుని ‘ఆ తూకంలో ఉన్నదే ఈ భిన్నంలో ఉందిరా’ అని చెప్పే ఒక మనిషి. మనం వాడికి పంపింది అద్దం.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. సినిమా వచ్చేసింది కనుక బడుల్లో పుస్తకాలకు కాలం చెల్లినట్టేననీ, పదేళ్లలో చదువు రూపురేఖలే మారిపోతాయనీ 1913లోనే ఎడిసన్ మహాశయుడు సెలవిచ్చాడు. ఆ పదేళ్లు ఇంకా పూర్తి కాలేదు. 1975 ఆగస్టులో నాసా ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చి, అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు దింపారు. గడువు తీరగానే ఉపగ్రహం వెళ్లిపోయింది, పల్లె బడి పలక దగ్గరే ఉంది. 1984లో బీబీసీ మైక్రో కంప్యూటర్లు బడులకొచ్చాయి. వాటి గదికి తాళం, తాళానికి ఒక రిజిస్టరు, గుమ్మం బయట చెప్పులు. గుడికీ కంప్యూటర్ గదికీ తేడా ఒక్కటే, గుడిలో కనీసం దర్శనం దొరికేది. 2011లో ప్రపంచంలోకెల్లా చవకైన టాబ్లెట్ అని ‘ఆకాశ్’ను ఢిల్లీలో ఆవిష్కరించారు. మా పిల్లలకు అది ఆకాశంలోనే ఉండిపోయింది. తెలంగాణ వచ్చాక 2016లో డిజిటల్ తరగతులు, తర్వాత టీ-శాట్ టీవీ పాఠాలు. కరోనా ఏడాది, 2020 సెప్టెంబర్ 1 నుంచి, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు. అప్పుడు వేరే దారి లేదు, కాదనను. కానీ ఇంటికొక్క ఫోను, ఆ ఫోను నాన్న జేబులో, నాన్న అడ్డా మీద. ఇంట్లో పిల్లకు ఆన్‌లైన్ క్లాసు ఏ లైన్‌లో వస్తుందో ఎవరూ చెప్పలేదు.

పక్క రాష్ట్రం మనకన్నా రెండాకులు ఎక్కువే చదివింది. 2022 డిసెంబర్ 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు నాడు, ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ టాబ్‌ల పంపిణీ మొదలైంది. మొత్తం 5,18,740. అందులో నింపింది బైజూస్ పాఠాలు. 2024 జూలై వచ్చేసరికి, క్రికెట్ జట్టు జెర్సీ మీద పేరు వేయించుకున్నందుకు చెల్లించాల్సిన 158 కోట్ల బాకీ కింద ఆ కంపెనీ దివాలా విచారణలో నిలబడింది. పిల్లలకు కూడికలూ తీసివేతలూ నేర్పే కంపెనీకి సొంత తీసివేతలు కుదరలేదు! పిల్లలు తప్పు చేస్తే ఇంపొజిషన్ రాయిస్తాం. కంపెనీ చేత ఎవరు రాయించాలి?

గుడ్డిగా నమ్మింది మనమొక్కళ్లమే కాదని తెలిసి కాస్త ఊరట పొందవచ్చు. దక్షిణ కొరియా 2025 మార్చిలో కృత్రిమ మేధ పాఠ్యపుస్తకాలను తరగతుల్లోకి దించి, ఆగస్టు కల్లా వాటికి పాఠ్యపుస్తకం హోదా తీసేసింది. తెరలు ముందుగా తెచ్చుకున్న స్వీడన్ 2023లో అచ్చు పుస్తకాలు కొనడానికి మళ్లీ డబ్బు కేటాయించింది. వాళ్లు వెనక్కి తిరిగి వస్తున్న దారిలోనే మనం బ్యాండు మేళంతో ఎదురెళ్తున్నాం. మన దగ్గరా ఏఐ వచ్చేసింది. ఎంపిక చేసిన ప్రాథమిక బడుల్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చదవడం, లెక్కలు నేర్పే కార్యక్రమం 2025లో మొదలైంది. మంచిదే. ఆ కంప్యూటర్ దాకా పిల్లల్ని నడిపించే టీచరు ఎవరు అన్నది మాత్రం ఏఐని అడిగినా చెప్పలేకపోతోంది.

ఎందుకంటే అక్కడే అసలు తూకం ఉంది. రాష్ట్రం వచ్చాక టీచర్ల నియామకానికి 2017లో ఒక నోటిఫికేషన్, 8,792 పోస్టులు. ఆ తర్వాత పెద్ద డీఎస్సీ 2024లో, 11,062 పోస్టులు. మధ్యలో ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో ఎన్ని యాప్‌లు వచ్చాయో, అవెన్నిసార్లు ‘కొత్త వెర్షన్ వేసుకోండి, పాతది పనిచేయదు’ అన్నాయో నా ఫోనుకే తెలుసు. యాప్‌కు అప్‌డేట్ వారానికొకటి, టీచరుకు ఏడేళ్లకొకటి. ఈలోగా ఖాళీలను వర్క్ అడ్జస్ట్‌మెంట్‌తో పూడ్చారు. అంటే ఒక బడిలో గుంత తీసి ఆ మట్టితో ఇంకో బడి గుంత పూడ్చడం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మన దగ్గర సోమలింగానికి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా వచ్చేశాయి.

ఇక ముఖాల సంగతి. పిల్లల హాజరు ముఖం చూసి వేసుకునే యాప్ ముందే వచ్చింది. 2025 ఆగస్టు 1 నుంచి టీచర్లకూ అదే. నాకేం అభ్యంతరం లేదు, నా ముఖం దాచుకోవలసినంత గొప్పదేం కాదు. రాకుండా వచ్చినట్టు సంతకాలు పెట్టిన వాళ్లు మాలోనూ ఉన్నారు, వాళ్లకు పడాల్సిందే. కానీ పిల్ల ముఖం చూసి గుర్తుపట్టడం అనే విద్య మాది. ఏ పిల్ల పొద్దున తినకుండా వచ్చిందో, ఎవరింట్లో రాత్రి గొడవైందో, ఎవరి కళ్లు పొగకు మండుతున్నాయో, ఏ అమ్మాయి వచ్చే నెల నుంచి బడి మానేసి చెల్లెల్ని చూసుకోబోతోందో గుమ్మంలో అడుగు పెట్టగానే తెలుస్తుంది. కెమెరా కళ్లూ ముక్కూ కొలిచి ‘ప్రెజెంట్’ అంటుంది. పిల్ల బెంచీ మీద ఉండి కూడా క్లాసులో లేకపోవడం ఏమిటో దానికి తెలియదు. పొద్దున వరస కట్టించి ఒక్కొక్కర్నీ ఫోను ముందు నిలబెట్టి, ‘నవ్వొద్దు, కదలొద్దు, జడ పక్కకు తియ్యి’ అంటుంటే మొదటి పీరియడ్ కాస్తా స్టూడియో అవుతుంది. ఆ ముఖాల్లో ఏముందో చూసే తీరిక నాకు ఉండదు.

ఆ తర్వాత పేర్లు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంకొకటి, బడుల వివరాల పోర్టల్ యూడైస్‌లో మరొకటి. మూడూ కలిస్తేనే పిల్లకు అపార్ అనే విద్యార్థి గుర్తింపు నంబర్. మా వైపు కుటుంబాలు పొట్ట చేత పట్టుకుని పాలమూరు నుంచీ, ఒడిశా నుంచీ, బిహార్ నుంచీ వచ్చినవి. వాళ్ల పేర్లను ఎవరికి వినబడినట్టు వాళ్లు రాశారు. పిల్లకు ‘అ’ ఎక్కడ రాయాలో నేర్పాల్సిన మనిషి, పిల్ల పేరులో ‘హెచ్’ ఎక్కడుందో వెతుకుతూ మీసేవ ముందు నిలబడుతున్నాడు. గ్రూపులో మెసేజ్: ‘మోస్ట్ అర్జెంట్, సాయంత్రం నాలుగులోగా.’ రెండు నిమిషాలకు ఇంకోటి: ‘ఇంకా పెండింగ్‌లో ఉన్న బడుల జాబితా.’ ఎర్ర రంగులో మన బడి. పిల్లలెవరూ ఆ జాబితాలో పెండింగ్‌గా కనబడరు, గడులు మాత్రమే కనబడతాయి.

పరికరాలంటే పడని చాదస్తుణ్ణి కాదు. గుండె కవాటం తెరుచుకోవడం నల్లబల్ల మీద ఎంత గీసినా రాదు, తెర మీద ఒక్కసారి చూపిస్తే వస్తుంది. వినబడని పిల్లకు అక్షరాలు పడే వీడియో వరం. అయితే ఆ వీడియోను ఎక్కడ ఆపాలో, ఆపి ఏం అడగాలో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి లేనిచోట ఏమవుతుందో 2024 అసర్ సర్వే చెప్పింది. దేశంలో పల్లెల్లో పద్నాలుగు నుంచి పదహారేళ్ల వాళ్లలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అలా వాడటం వచ్చిన వాళ్లలో, సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడింది 57 శాతం, సోషల్ మీడియా కోసం 76 శాతం. ఫోను వాడటం మనం నేర్పనక్కర్లేదు, దించడం నేర్పాలి.

బడిలోకి వచ్చిన యంత్రాలన్నీ పిల్లల పేరు చెప్పుకునే వచ్చాయి, ఆఫీసు కోసం పనిచేస్తున్నాయి. తెర పిల్లకు ప్రపంచాన్ని చూపించాలి. ఇప్పుడది ఆఫీసుకు బడిని చూపిస్తోంది, అదీ ఆఫీసు చూడదలచినంత వరకే. అందుకని, సర్క్యులర్ల భాష తప్ప వేరే భాష పైకి వినబడదని తెలిసి, ఒక ముసాయిదా నేనే రాసి పెట్టాను. సంతకం పెట్టేవాళ్లే తరువాయి.

విషయం: బడుల్లో సాంకేతిక విప్లవం మరింత పటిష్ఠంగా అమలు చేయుట గురించి.

ఒకటి. కొత్త యాప్ ప్రవేశపెట్టే ప్రతి అధికారి, ప్రతి నెలా ఒక సర్కారు బడిలో ఎనిమిదో తరగతికి నలభై అయిదు నిమిషాలు లెక్కల పాఠం చెప్పవలెను. ముఖ గుర్తింపు హాజరు తప్పనిసరి. లొకేషన్ లేని ఫొటోలు తిరస్కరించబడును.

రెండు. ప్యానెల్ ప్రారంభించిన ప్రజాప్రతినిధి, అది పాడైన రోజు కూడా వచ్చి అదే చోట నిలబడి ఫొటో దిగవలెను.

మూడు. ఏ బడికైనా తెర పంపే ముందు అక్కడ సబ్జెక్టు టీచరు ఉన్నట్టు రుజువు అప్‌లోడ్ చేయవలెను. టీచరు లేనిచో తెర లోడ్ అవదు.

నాలుగు. పై అంశాల అమలులో ఏ లోపం జరిగినా, ఎప్పటిలాగే, సంబంధిత ప్రధానోపాధ్యాయులే పూర్తి బాధ్యత వహించవలసి ఉండును.