గిట్టుబాటు మావయ్య

పెళ్లికి వెళ్లినవాళ్లలో కొందరు వధూవరుల్ని చూస్తారు, కొందరు బంతి ఎప్పుడు లేస్తుందా అని చూస్తారు. మా మావయ్య మాత్రం తాను చదివించిన 516 రూపాయలూ విస్తట్లోకి తిరిగొచ్చాయో లేదో చూస్తాడు. రెండో గారె దగ్గర మూడొందలు వసూలైనట్టు, బూరెల దగ్గర నాలుగొందలు దాటినట్టు ఆయన మొహం మీద మనకి తెలిసిపోతుంది. పెరుగు వచ్చేసరికి అసలు రాబట్టి, కిళ్లీ దగ్గర వడ్డీ పుచ్చుకుని లేస్తాడు.

పాచిపెంటలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. 'గిట్టుబాటు' అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. ఉద్యోగమంతా పక్కనే ఉన్న సాలూరులో, లారీ ఆఫీసు గుమస్తాగా. సాలూరంటే లారీలు, లారీలంటే సాలూరు. ఒకప్పటి 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి మీద రాయపూర్ వైపు వెళ్లే ప్రతి బండీ మా పాచిపెంట పక్కనుంచే సుంకి ఘాట్ ఎక్కాలి. ఏ ట్రిప్పుకి డీజిలెంత, టైరు అరుగుదలెంత, డ్రైవరు బేటా ఎంత, వచ్చేటప్పుడు రిటర్న్ లోడు దొరికిందా లేదా... ఇవే ఆయనకి సంధ్యావందనం. "ఖాళీ బండి ఘాట్ దిగిందంటే ఆ పాపం గుమస్తాదే" అనేవాడు. రిటైరయ్యాక బండ్లు పోయాయి, మేం మిగిలాం. ఇప్పుడు ఆయన దృష్టిలో కుటుంబమంటే ఏడు లారీలు. ఏ ఒక్కటీ ఖాళీగా తిరిగి రాకూడదు.

ఈ గుణం ఉద్యోగంతో వచ్చింది కాదు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో మెస్సుకి నెల డబ్బు ముందే కట్టించుకుని టిక్కెట్ల పుస్తకం ఇచ్చేవారట. పండక్కి ఊరొస్తే ఆ నాలుగు రోజుల టిక్కెట్లూ వృథా. అందుకని మావయ్య పండక్కి రావడం మానేశాడు. సంక్రాంతికి ఊరంతా అరిసెలు వండుకుంటుంటే ఆయన ఖాళీ మెస్సులో ఒక్కడే కూర్చుని, కట్టిన డబ్బుకి న్యాయంగా నీళ్ల పప్పు తిన్నాడు. ఆ కథ ఇప్పటికీ వీరగాథలాగే చెబుతాడు.

అలాంటి మనిషిని మొన్న శీతాకాలంలో అత్తయ్య అరకు బయల్దేరదీసింది.

"మన వాకిట్లో నిలబడితే కొండలే. డబ్బులిచ్చి ఇంకో కొండ చూడ్డమేటి?" అన్నాడు మావయ్య.

"నాను కొండ చూడ్డానికి కాదండీ, పొయ్యి మొహం చూడకుండా ఉండడానికి" అంది అత్తయ్య.

ఆ మాట మావయ్య చెవిన పడలేదు. అప్పటికే హోటలుకి ఫోను కలిపేశాడు. అక్కడ ఆయనకి నాలుగు ప్లాన్లు వినిపించాయి. హోటళ్ల లెక్కలో ఈపీ అంటే వట్టి గది, సీపీ అంటే గదితోపాటు పొద్దుటి టిఫిను, ఎంఏపీ అంటే టిఫినూ మరో పూట భోజనమూ, ఏపీ అంటే మూడు పూటలూ. ఇందులో ఈపీకి యూరప్ పేరు, ఏపీకి అమెరికా పేరు. "మూడు పూటలా పెట్టేవోడు అమెరికావోడన్నమాట. అందుకే మన పిల్లలందరూ అక్కడికి పోతన్నారు" అని మావయ్య తేల్చాడు.

రేట్లు రాసుకున్నాడు. ఇద్దరికి గది, టిఫినుతో 3,000. రాత్రి భోజనం కలిపితే 4,200. మధ్యాహ్నం కూడా కలిపితే 5,000. పాత ట్రిప్పు షీటు వెనక్కి తిప్పి గీతలు కొట్టాడు. తేడాని తలలతో భాగిస్తే పూటకి పడే ధర తేలుతుంది. రాత్రి భోజనం తలకి 600, మధ్యాహ్నానిది 400. ఇంతవరకూ పద్ధతి సరైనదే. ఎవరైనా ఇలాగే చెయ్యాలి. ఆ తర్వాత ఆ 400ని బయట హోటల్లో భోజనం ధరతో పోల్చుకోవాలి. మావయ్య దాన్ని పక్కనున్న 600తో పోల్చాడు. "అదే హోటలు, అదే బఫే. రాత్రి ఆరొందలు, పగలు నాలుగొందలేనట! పూటకి తలకి రెండొందలు మిగులు!" అని మూడు పూటల ప్లానుకి ఎడ్వాన్సు కట్టీశాడు. ఒంటిగంటకి మనం ఎక్కడుంటాం అన్న గడి ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

ఆయన లెక్కలకి సముద్రాల అవతల కూడా గిరాకీ ఉందని ఇక్కడ చెప్పాలి. అమెరికాలో ఉన్న మా మరదలి సంసారం ఓర్లాండో డిస్నీ వరల్డ్ చూడబోతూ ఆయన్నే సలహా అడిగింది. అక్కడా ముందే డబ్బు కట్టే డైనింగ్ ప్లానుంది. 2005లో మొదలై, కోవిడ్ కాలంలో ఆగి, 2024 జనవరిలో తిరిగొచ్చింది. పదేళ్లు నిండితే పిల్లలకీ పెద్దల రేటే. గదిలో మూడేళ్లు నిండినవాళ్లు ఎందరుంటే అందరూ అదే ప్లానులో చేరాలి. అంటే మరదలి అత్తగారు, ఉల్లిపాయ తగిలిన గరిటె కూడా ముట్టని మనిషి, ఆవిడకీ పెద్దల రేటే. తినగా మిగిలిన పూటలు గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రికి చెల్లిపోతాయి. మావయ్య ఇదంతా విని, "ఆవిడ వాటా మాంసాహారం అల్లుడి చేత తినిపించు. మిగిలింది రాత్రి పన్నెండులోగా మిఠాయిలు కొనీ" అని ఆదేశించాడు. అల్లుడు అప్పట్నుంచి మావయ్య ఫోను ఎత్తడం లేదు.

సరే, అరకు. పాచిపెంట నుంచి సాలూరు మీదుగా పల్లానికి దిగి, శృంగవరపుకోట దాటాక మళ్లీ కొండెక్కాం. బొర్రా గుహలకి దారి చీలే చోట డ్రైవరు బండి స్లో చేశాడు. ఒక్కసారి చూసిపోదాం అన్నారు పిల్లలు. మావయ్య వాచీ చూశాడు. "ఒంటిగంటకి బఫే తెరుస్తారు. రేపు వెనక్కి వద్దుం. గుహలు ఎక్కడికీ పోవు, మూడింటికి బఫే మూసీస్తారు."

"డీజిలు దండగ గదా మావయ్యా?" అన్నాను. జీవితమంతా డీజిలు లెక్కలు కట్టిన మనిషి తొణక్కుండా, "డీజిలు వేరే పద్దు" అన్నాడు. ఇలా ఒకే జేబులోని డబ్బుని మనసులో వేరు వేరు పద్దుల కింద రాసుకోవడం మీద పరిశోధన చేసిన రిచర్డ్ థేలర్‌కి 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మావయ్యకి ఇంకా ఏమీ ఇవ్వలేదు.

రిసెప్షన్లో అసలు పరీక్ష. అయిదేళ్ల లోపు పిల్లలకి భోజనం ఉచితం, పన్నెండు లోపు సగం. "మా మనవడికి నాలుగు నిండి అయిదు నడుస్తంది" అన్నాడు మావయ్య. కౌంటర్లో అమ్మాయి నవ్వి, "ఏ క్లాసు నాన్నా?" అని అడిగింది. "సెకండ్ క్లాస్. ఏడో ఎక్కం కూడా వచ్చు" అని వాడు గడగడా అప్పజెప్పేశాడు. ఏడు పదులు డెబ్బై అయ్యేదాకా మావయ్య ఓపిగ్గా విని, "లెక్కల్లో నా పోలికండీ" అని సగం డబ్బులు కట్టాడు.

భోజనాల దగ్గర ఆయన ఆజ్ఞలు స్పష్టం. అన్నం జోలికి పోవద్దు, అది ఇంట్లోనూ ఉంది. సూపు నీళ్లతో సమానం, పొట్టలో చోటు తింటుంది. ఇడ్లీ పిండి ఎంతో అందరికీ తెలుసు, అందుకని ఆమ్లెట్టు వేయించుకోవాలి. ఉప్మా తీసుకుంటే జీడిపప్పు ఉన్న వైపు నుంచి తీసుకోవాలి. ఏజెన్సీ జీడితోటల నీడన పుట్టి పెరిగిన మనిషి, ఆ ఉప్మాలో జీడిపప్పుని కొత్తగా కనిపెట్టినట్టు ఏరుకుంటున్నాడు. మేం చెంచా కింద పెడితే చాలు, "అప్పుడేటి? ఇంకా నూట నలభై బాకీ" అనే గొంతు వినపడేది.

1998లో డ్రాజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి రాశారు. బట్టలుతికే మిషను కొంటే డబ్బు తర్వాత వాయిదాల్లో కట్టడమే జనానికి ఇష్టమట, విహారయాత్రకైతే ముందే కట్టడం ఇష్టమట. ముందే కట్టేస్తే ఆ నొప్పి ఇంట్లోనే తీరిపోతుంది, అక్కడ తినే ప్రతి ముద్దా ఉచితంగానే తోస్తుంది. ముందస్తు ప్లాన్లన్నీ ఈ సుఖం మీదే నడుస్తాయి. మావయ్య లాంటివాళ్లకి ఆ సుఖం రాసిపెట్టి లేదు. ఇంటి దగ్గర ఒకసారి కట్టిన డబ్బుని ముద్ద ముద్దకీ మళ్లీ మళ్లీ కడుతుంటారు.

రెండో రోజు పొద్దున్న గిట్టుబాటయ్యేంత టిఫిను తిని బొర్రాకి దిగాం. గాలికొండ మలుపుల్లో మనవడు తన వాటా మొత్తం రోడ్డు పక్కన అప్పగించేశాడు. అత్తయ్య వాడి వీపు రాస్తుంటే మావయ్య పక్కన నిలబడి, "డబుల్ ఆమ్లెట్టు... పళ్లరసం..." అని పద్దులవారీగా బాధపడ్డాడు. బొర్రాలో టిక్కెట్లు తీసుకుని లోపల నాలుగు మెట్లు దిగామో లేదో, ఒంటిగంట కావస్తోందని వెనక్కి తిప్పేశాడు. నీటిబొట్టు సున్నపురాయిని లక్షల ఏళ్లపాటు చెక్కిన గుహ అది. దాన్ని చూడ్డానికి మాకు దొరికినది పావుగంట. మళ్లీ అదే ఘాట్ ఎక్కి, మూడింటికి పది నిమిషాలుండగా బఫేకి చేరాం. సాంబారు చల్లారి ఉంది. "చల్లారితే ఏటి, కట్టినదే కదా" అన్నాడు.

నిజానికి అరకు లాంటి చోట రాత్రి భోజనం హోటల్లోనే మాట్లాడుకోవడం తెలివైన పనే. చలికాలం సాయంత్రం ఆరుకల్లా చీకటి, మంచు దిగితే ఘాట్ కనపడదు, పిల్లలతో, షుగరున్న పెద్దలతో తిండి వెతుక్కుంటూ తిరగలేం. మధ్యాహ్నం కథ వేరు. పగలు మనం గుహల దగ్గరో, అనంతగిరి కాఫీ తోటల్లోనో, చాపరాయి నీళ్లలోనో ఉంటాం. అన్నం గంట దూరంలో హోటల్లో ఉంటుంది. ఏ పూటకి ఎక్కడుంటామో ముందు రాసుకుని, ఆ తర్వాత పక్కన రూపాయలు వేసుకోవాలి. మావయ్య ముందు రూపాయలు వేసి, వాటి చుట్టూ మమ్మల్ని తిప్పాడు.

మూడో రోజు తెల్లవారకుండా వంజంగి వెళ్దామని పిల్లల ఆశ. పాడేరు అవతల ఆ కొండెక్కితే, సూర్యుడొచ్చే వేళకి మేఘాలు కాళ్ల కింద ఉంటాయి. హోటల్లో టిఫిను ఏడున్నర నుంచి పది. సూర్యోదయం చూసి తిరిగొచ్చేసరికి దోసె వేళ దాటిపోతుంది. "మేఘాలకి మనం ఎడ్వాన్సు కట్టామేటి?" అని మావయ్య అడిగిన ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

ఆ సాయంత్రమే చాపరాయి నుంచి వస్తుంటే దారి పక్కన బొంగుల్లో చికెన్ కాలుతోంది. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల్లో పడేస్తారు. చుక్క నూనె ఉండదు. ఆ పొగ వాసనకి బండిలో మాటలు ఆగిపోయాయి.

"రాత్రికి భోజనం కట్టీసి ఉంది. దీనికి మళ్లీ డబ్బులెవరిస్తారు?" అన్నాడు మావయ్య.

"ఇది నా పద్దు" అంది అత్తయ్య. డ్వాక్రా పొదుపు డబ్బులు కొంగు ముడి విప్పి తీసింది. మూడు బొంగులు చీల్పించింది. రోడ్డు పక్కన నిలబడి, వేళ్లు కాల్చుకుంటూ అందరం తిన్నాం. మావయ్య బండిలోనే కూర్చున్నాడు, ఒక్క ముక్క ముట్టలేదు. రాత్రి బఫేలో మాకెవరికీ ఆకలి లేదు. ఏడు లారీల్లో ఆరు ఖాళీ. ఇక ఆయనే ఆరుగురి లోడూ తన ఒక్క బండిలోకి ఎక్కించాడు. రాత్రి రెండింటికి అత్తయ్య వాము కోసం హోటలు వంటింటి తలుపు తట్టింది. పొయ్యి మొహం చూడనన్న మనిషి ఆఖరికి దాన్ని అక్కడ చూసింది.

ఇంటికొచ్చాక మావయ్య వరండాలో కూర్చుని తుది లెక్క తేల్చాడు. తిన్నదాని విలువ, వాంతి కింద పోయినది, వాము ఖర్చు, అన్నీ కూడి తీసేసి, "నూటపది రూపాయలు మిగులు" అని ప్రకటించాడు. డీజిలు వేరే పద్దు.

అత్తయ్య కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి నిలబడింది. "ఏటండీ, నలభై ఏళ్లుగా మీరు నా దగ్గర ఉన్నది ఏ ప్లానులో?"

మావయ్య ఆలోచించాడు. "మూడు పూటలూ కదా. ఏపీ."

"ఎడ్వాన్సు ఏటి కట్టారు?"

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. జవాబు రాలేదు.

"రేపటి నుంచి మనింట్లో సీపీ. పొద్దుటి టిఫిను నాది. మిగతా పూటలు కావాలంటే రేటు చెప్తాను" అని అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది.

మావయ్య కాసేపు కాగితం వంక చూసి, దాన్ని మడిచి, మళ్లీ విప్పి, వెనక వైపు ఖాళీ జాగా వెతుక్కున్నాడు. తర్వాత తల వంటింటి వైపు తిప్పి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"రిటైరైనోళ్లకి సగమేనా?"