అరకు రోడ్డు మీద కళాకారుడు కావడమెలా?

విశాఖలో తెల్లారగట్ల నాలుగింటికే బయల్దేరుతున్నట్టు అందరికీ చెప్పి, ఎనిమిదింటికి బయల్దేరండి. పొద్దుటి ఎండలో ఫొటోలు బాగా వస్తాయని తెలిసినవాళ్లంటారు గానీ, ఆ ఎండ ఉన్నంతసేపూ మీరు పెందుర్తి ట్రాఫిక్‌లోనే ఉంటారు కాబట్టి బెంగ లేదు. కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరేసరికి ఆకలి దంచేస్తుంది. మా ఊరున్నదే అందుకు. కారు సగం రోడ్డు మీదికొచ్చేలా ఆపి, ఇడ్లీ తిని, ‘ఇంకా ఎంత దూరం’ అని అడగండి.

“పుణ్యగిరి ఇక్కడే బావూ, సూసెల్లండి” అంటాడు టిఫిను బండాయన. నవ్వి ఊరుకోండి. కొండ మీంచి దిగే ధార, ఉమాకోటిలింగేశ్వరుడు, శివరాత్రి జనం ఉన్నమాట నిజమే. కానీ అరకని ఊరంతా చాటి వచ్చినవాళ్లు పుణ్యగిరి ఫొటో పెడితే నలుగురూ ఏమనుకుంటారు? తాటిపూడి జలాశయం పేరెత్తినా అంతే. గోస్తని మీద కట్టిన ఆ జలాశయం నీళ్లే విశాఖ కుళాయిల్లోకి వెళ్తాయి. ఇంట్లో బకెట్లో కనబడేదాని కోసం పెట్రోలు తగలెయ్యడం దేనికి?

ఘాట్ రోడ్డెక్కాక ‘మలుపు, హారన్ కొట్టండి’ అన్న బోర్డు కనబడగానే కారాపండి. వెనక లోయ, ముందు మీరు, పక్కన లారీ: ఇంతకంటే కూర్పేముంటుంది? కోతులకు చిప్స్ వెయ్యండి. అవి మీ చేతిలో ఫోను లాక్కుంటే అరవకండి, అడవి జీవితానికి దగ్గరయ్యామని రాసుకోవచ్చు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలుంటాయి, చెట్లకి మిరియం తీగలు పాకి ఉంటాయి. అవి నీడలో ఉంటాయి గనక ఫొటోలో నల్లగా పడతాయి. వదిలెయ్యండి.

అసలు పరీక్ష వలిసె పూల దగ్గర. చలికాలం మొదట్లో లోయంతా పసుపు పరిచేస్తాయి. దగ్గరకెళ్లి చూస్తే సన్నటి కాడ, ఏడెనిమిది రేకులు, మధ్యలో ముదురు పసుపు బొట్టు. చామంతికి పిన్ని కూతురిలా ఉంటుంది. అది నూనె గింజ పంట అన్న సంగతి మీకు చెప్పినా మర్చిపోండి. చేను మధ్యలోకి నడిచెళ్లి, చేతులు చాచి, కళ్లు మూసుకుని ఆకాశంకేసి తలెత్తాలి. కాలికింద ఎన్ని మొక్కలు పడ్డాయో కళ్లు మూసుకున్నవాళ్లకి తెలియదు, అందులోనే ఉంది కిటుకంతా. గట్టు మీద పిల్ల “ఫొటోకి పది రూపాయలియ్యండి” అంటే, మెడలో లక్ష రూపాయల కెమెరా సర్దుకుంటూ అయిదుకి బేరమాడండి. పల్లెల్లో కూడా డబ్బు యావ పెరిగిపోయిందని దారంతా బాధపడండి.

కారు లేనివాళ్లకి రైలుంది. కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్ణించి జపానుకి చేర్చడానికి వేసింది. మనుషులు తర్వాత ఎక్కారు, 2017లో అద్దాల పైకప్పు పెట్టె కూడా వచ్చింది. దారి పొడుగునా 58 సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ గొంతు చించుకుని అరవడం ఇక్కడి సంప్రదాయం, తప్పనిసరిగా పాటించండి. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషనని ఒకప్పుడు పేరుపడ్డ శిమిలిగూడలో బోర్డు ముందు సెల్ఫీ దిగండి. ఎత్తు ఎన్ని మీటర్లో రాసున్న చోట మీ తలకాయ వచ్చేలా చూసుకోండి.

ఇక పుస్తకం. అది లేనిదే యాత్రికుడు పరిపూర్ణుడు కాడు. ‘కన్యాశుల్కం’ మాత్రం తేకండి. 1892లో మొదట ఆడిన నాటకం, పైగా మన విజయనగరం సరుకు. పొరపాటున తెరిచారో, గిరీశం మాటలకు నవ్వుతూ కూర్చుని గాలికొండ వ్యూపాయింట్ దాటించేస్తారు. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ గంభీరంగా కనబడుతుంది, అది తీసుకోండి. ఆయన 1830 మేలో మద్రాసులో బయల్దేరి, పల్లకీలో కాశీ వెళ్లి, వచ్చేటప్పుడు మన ఉత్తరాంధ్ర మీదుగానే దిగి, పదిహేను నెలలకు ఇల్లు చేరాడు. కెమెరా లేదు పాపం. అందుకని ఏ మజిలీలో నీళ్లు మంచివో, ఎక్కడ అంగళ్లున్నాయో, దారి ఇసకో రాయో, ఏరు ఎలా దాటాలో కూర్చుని రాసుకున్నాడు. ఎక్కడ దిగినా ఆ ఊరి పేరు అడిగేవాడు కూడా.

మీకంత తీరిక ఎక్కడిది? పుస్తకాన్ని సరిగ్గా సగానికి తెరిచి, పక్కన కాఫీ కప్పు పెట్టి, పొగ పోకముందే ఫొటో తీయండి. మొదటి పేజీ దగ్గర తెరిస్తే ఇప్పుడే మొదలెట్టారని తెలిసిపోతుంది. అట్ట మీద ధర స్టిక్కరుంటే ముందే పీకెయ్యండి.