మత్స్యమీమాంసకుడు

పూర్వము మన పల్లెలలో పెండ్లి పంక్తులయందు ఒక పెద్దమనిషి తప్పక ఉండెడివాడు. ఆయన పెండ్లికొడుకు వైపువాడు కాడు, పెండ్లికూతురు వైపువాడును కాడు. వండినవాడు కాడు, వడ్డించువాడు అసలే కాడు. అయినను పప్పులో నెయ్యి ఎప్పుడు పడవలెనో, గారె ఏ వేడిమీద నోటికందవలెనో, అప్పడము పులుసునకు ముందు విరువవచ్చునో లేదో పంక్తి పొడుగునా తీర్మానించుచు, తన విస్తరిలో అన్నము చల్లారిపోవుచున్నను పొరుగువాని విస్తరినే కనిపెట్టుకొని కూర్చుండెడివాడు. ఈ జాతి అంతరించిపోయినదని నేను కొంతకాలము విచారపడితిని. అంతరించలేదు, సముద్రము దాటినది. అమెరికాలో కొలరాడో రాష్ట్రమున, ఏస్పెన్ అను కొండయూరిలో, ఒక జపాను భోజనశాలయందు, మా బావగారి రూపమున దానిని కన్నులార చూచి వచ్చితిని.

ఏస్పెన్ సముద్రమట్టమునకు సుమారు 7,900 అడుగుల ఎత్తున నున్నది. వెండిగనుల కొరకు పుట్టి, 1893లో వెండిధర పడిపోగా చితికిపోయి, రెండవ ప్రపంచయుద్ధానంతరము మంచుమీద జారు క్రీడ పుణ్యమా అని మరల లేచి నిలిచిన ఊరది. ఇప్పుడచ్చట వెండి దొరకదు గాని, మనయొద్ద నున్న వెండి యంతయు అచ్చట వదలి రావచ్చును. ఏ సముద్రమునకైనను వందలకొలది మైళ్ళ దూరము. అట్టిచోట పచ్చిచేప తినుటకు జనులు చలిలో వరుసగా నిలిచియుండుట చూచి, పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత పుట్టిన గోదావరి తీరమువాడనయ్యును, నేను విస్తుపోయితిని.

మా బావగారు డెన్వరు శివారున ఇరువది యేండ్లుగా కంప్యూటరు కొలువు చేసికొనుచున్నవారు. స్వభావమున సాధువులు; అప్పడిగినవానికి లేదనరు; కారు నడుపునపుడు సైతము ఒరులను తిట్టరు. సుషీ యను మాట చెవి సోకినంతనే మాత్రము వారిని సరస్వతి ఆవేశించును. డెన్వరునుండి ఏస్పెనునకు నాలుగు గంటల దారి. ఆ నాలుగు గంటలును, కిటికీ కవతల పర్వతములు తమవంక చూడుమని ఎంత బతిమాలుకొన్నను వినక, వారు మాకు సుషీ పుట్టుపూర్వోత్తరములు బోధించిరి.

“ఇప్పుడు మనం తినే పద్ధతి 1820 ప్రాంతంలో ఎదో నగరంలో మొదలైందోయ్.”

“పేరు గుర్తు లేదా, బావగారూ?” అంటిని సానుభూతితో.

“పేరే ఎదో! టోక్యోకి పాతపేరు.”

అచ్చట హనయ యొహేయి అను వంటవాడు, వెనిగరు కలిపిన అన్నపుముద్దపై చేపముక్క నుంచి అప్పటికప్పుడు అందించు విధానమును ప్రసిద్ధికి తెచ్చెనట. అంతకు చాలకాలము ముందు చేపను ఉప్పువేసి అన్నములో నెలల తరబడి ఊరనిచ్చి, పిదప ఆ అన్నమును పారవైచి చేపను మాత్రమే తినెడివారట. “అన్నం పారేసేవాళ్ళా!” అని వెనుక కూర్చున్న అక్కయ్య ఒక్కమాట అన్నది. శాస్త్రమునకు అప్రస్తుతము గనుక బావగారు దానిని పట్టించుకొనలేదు.

భోజనశాలలో మేజా దొరికినను మేము వంటవాని యెదుటి చెక్కబల్ల చెంతనే కూర్చుండవలసి వచ్చినది. తక్కినచోట్ల కూర్చుండువారు ఆకలికి వచ్చినవారట. అక్కయ్య పుల్లలజంటను విడదీసి ఒకదానితో నొకటి రుద్దెను. బావగారు ఆమె మణికట్టు పట్టుకొని, “అలా రుద్దితే నాసిరకం పుల్లలిచ్చావని ఆయన్ను తిట్టినట్టే” అని చెవిలో చెప్పిరి. నేను వసాబిని సోయాసాసులో కలుపబోగా, కలుపరాదనియు, అది అసలు వసాబియే కాదనియు, ఈ దేశమున చాలచోట్ల వడ్డించునది ఆవపిండియు మరియొక ఘాటైన దుంపయు పచ్చరంగు పూసికొని వచ్చిన వేషమనియు తెలిపిరి. అల్లము ముక్క నోట వేసికొంటిని. అది చేపకును చేపకును నడుమ నాలుక కడుగుకొనుటకట, కూర కాదట. సాల్మను చేప అడిగితిని. దానిని పచ్చిగా తినుట జపానువారికి అలవాటు చేసినది నార్వే వర్తకులనియు, అదియు 1980లలోని ముచ్చట యనియు, సంప్రదాయజ్ఞులు దానితో మొదలుపెట్టరనియు జాలిగా నవ్విరి. ఏది తినినను తప్పే యైన పిదప మనుష్యునకు ఒకవిధమగు నిశ్చింత కలుగును. నేను తినసాగితిని.

అంతలో వంటవాడు బావగారి ముందొక ట్యూనా ముక్క నుంచెను. ఎఱ్ఱని చేప, దాని క్రింద బొటనవ్రేలంత అన్నము, నోటికి పట్టునంత మాత్రము. బావగారు దానిని చేతితోనే తీసికొని (చేతితో తినుటయే పాతపద్ధతియట) నావైపు తిరిగి, దీని రహస్యమంతయు చేతికందిన మరుక్షణమున నోటవేసికొనుటలోనే కలదనియు, అన్నము ఒంటివేడిమి మీద నుండగానే తినవలెననియు, ఆలస్యమైనచో వంటవాని శ్రమ యంతయు బూడిదలో పోసిన పన్నీరనియు ఉపదేశించిరి. ఉపదేశము చాలసేపు సాగినది. అన్నము మొదట ఒకవైపు పగులు చూపెను. పిమ్మట ఒక్కొక్క మెతుకు విడివడి చొక్కాగుండీలమీదుగా దిగజొచ్చెను. తుదకు ఆయన వ్రేళ్ళ నడుమ చేపముక్క యొక్కటియే నాలుకవలె వ్రేలాడుచుండెను. వంటవాడు చూచి, చూడనట్లు కత్తి తుడుచుకొనెను.

భోజనశాలలో అప్పటివరకు మాటలాడని అక్కయ్య అతనివంక చూచి, “అన్నం ఎంత బాగా ఉడికిందండీ! ఈ కొండమీద ఎలా వండుతున్నారు?” అని ఇంగ్లీషులో అడిగినది.

ఆ ఎత్తున నీరు 92 డిగ్రీల వేడికే మరగిపోవును. ఎసరు పొంగును గాని బియ్యము సరిగా ఉడుకదు. పైన మెత్తన, లోన పలుకు. డెన్వరులో ఇంతకంటె తక్కువ ఎత్తుననే మా అక్కయ్య ఇరువది యేండ్లుగా ఆ పలుకుతో పోరాడుచున్నది. ఈ ప్రశ్న వినగానే, అంతదాక బావగారి పాండిత్యమునకు తల మాత్రము ఊపుచుండిన వంటవాడు చేతిలోని కత్తి క్రిందనుంచెను. ఎంతసేపు నానబెట్టునో, నీరెంత యెక్కువ పోయునో, ప్రెషరు కుక్కరులో ఎట్లు వండునో, వచ్చిన క్రొత్తలో ఎన్ని కుండల అన్నము పారబోసెనో చేతులు త్రిప్పుచు చెప్పెను. సుషీయనగా చేప కాదు, ఈ అన్నమే యని కూడ చెప్పెను. అక్కయ్య అడుగవలసినవన్నియు అడిగినది. బావగారు చొక్కామీది మెతుకులు ఏరుకొనుచుండిరి.

తిరుగుదారిలో నాలుగు గంటలును నిశ్శబ్దము. కొండలు చాల బాగుండెను.

గతమాసమున డెన్వరులో వారింటికి క్రొత్త అతిథులు వచ్చిరట. సుషీయనగా చేప కాదనియు, అన్నమే ప్రధానమనియు, ఎత్తైనచోట్ల ఎసరు మరుగు సూక్ష్మమును ఎఱుగనివాడు దానిని ముట్టనే రాదనియు బావగారు వడ్డన మొదలైనది లగాయతు ముప్పావుగంట సేపు చెప్పిరట. అన్నము చల్లారిపోయినదని అక్కయ్య ఫోనులో చెప్పినది.