రేషన్ కార్డు మీద వచ్చినదాన్ని

నన్నెవరూ కొనలేదు. అందుకే టీవీ కొనేముందు మనుషులు పడే అవస్థ పదిహేడేళ్ళపాటు నాకు తెలియనే తెలియదు.

2006 సెప్టెంబరు 15న, అణ్ణాదురై పుట్టినరోజు నాడు, తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం టీవీ లేని ఇళ్ళకు కలర్ టీవీలు పంచడం మొదలుపెట్టింది. గుడియాత్తంలో మా నేతవీధి వంతు వచ్చేసరికి 2008. అవ్వ రేషన్ కార్డు పట్టుకొని పొద్దున్నించి వరసలో నిలబడి నన్ను తీసుకుంది. కొడుకు, అంటే మనవడి నాయన, సైకిలు క్యారియర్ మీద కట్టుకొచ్చాడు. పద్నాలుగంగుళాల తెర, పది కిలోల బరువు, వీపున ప్రభుత్వ ముద్ర. ఊరంతా మమ్మల్ని కరుణానిధి బిరుదు మీద కలైంజర్ టీవీలనే పిలిచింది. 2011లో ప్రభుత్వం మారినాక జయలలిత అమ్మగారి మిక్సీ, గ్రైండరు, ఫ్యాను కూడా మా ఇంటికే చేరాయి. ఆ రెండు పార్టీలకూ ఎన్నడూ పడలేదు గాని, ఒకే స్విచ్‌బోర్డు మీద మేం పోట్లాడుకోకుండానే బతికాం.

ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఉన్నది ఒకటే పెద్దగది, అందులో సగం గుంటమగ్గానిదే. గుడియాత్తం కైలీలు నేసే ఇల్లు మరి. మగ్గానికి ఎదురుగోడ గూట్లో నా చోటు. నాయన నేస్తూ తల ఎత్తితే నేను కనిపించాలి, దించితే నూలు కనిపించాలి.

ఆ మాటకొస్తే నేనూ నేతపనిదాన్నే. మా మెడలోంచి ఎలక్ట్రాన్ల ధార వచ్చి తెర మీద ఎడమనుంచి కుడికి గీత గీస్తుంది, మళ్ళీ ఎడమకు పోతుంది. నాడె ఆడినట్టే. ముందు బేసి వరసలు, తర్వాత సందుల్లో సరి వరసలు. బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. లెక్కేస్తే సెకనుకు 15,625 గీతలు. అంత వేగంగా పనిచేస్తుంటే ఒళ్ళు సన్నగా కీచుమంటుంది. ఆ కీచు ఎక్కువగా చిన్నవయసు చెవులకే అందుతుంది. మనవడికి తొమ్మిదేళ్ళప్పుడు వీధి మొగదలే నిలబడి, "అవ్వా, టీవీ పెట్టుకోనుండావు గదా" అనేవాడు. అవ్వ సౌండు పూర్తిగా తగ్గించి చూసినా పట్టేసేవాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఆరు. నా పక్కనే కూర్చున్నా వినపడదు.

వినపడనివాడికి ఇక కనపడడం మీదకు పోయింది మనసు.

దీనికి మూలం తిరుపత్తూరు. అవ్వ కూతురు, మనవడి మేనత్త, అక్కడ కాపురముంటుంది. 2019లో వేలూరు జిల్లాను మూడు చేసి తిరుపత్తూరును జిల్లా కేంద్రం చేశాక అక్కడివాళ్ళ దర్జా కొంచెం పెరిగిందని మా ఇంట్లో ఒక ఎత్తిపొడుపు. ఆ మేనత్త వాయిదాల మీద 55 అంగుళాల 4కే టీవీ తెచ్చింది. మనవడు అది చూసొచ్చిన రోజునుంచి నా ముందు కూర్చోవడం మానేశాడు. ఏప్రిల్లో వాళ్ళ పిల్లోడి క్రికెట్ బంతి తగిలి ఆ తెర పగిలింది. ప్యానెల్ మార్పించాలంటే దగ్గరదగ్గర కొత్త టీవీ ధర అడిగారట. ఎట్లాగో మార్పించారు. ఎట్లాగన్నది ఎవరూ అడగలేదు. నా ముఖానికి కూడా బంతులు తగిలాయి, ఒకసారి నాడె వచ్చి తగిలింది. నా అద్దం మందం నా గొప్పే. వెనకవైపు అద్దంలో సీసం కలిసుంటుంది, రేపు నన్ను పారేయాలన్నా అదే తంటా.

2025 సెప్టెంబరు 22న 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మనవడికి అదొక ముహూర్తంలా దొరికింది. దీపావళికి పదిరోజుల ముందు, కైలీ మూటలతో వేలూరు పోయే కుట్టియానై మినీలారీలో నన్నూ ఎక్కించారు. ఎక్స్‌ఛేంజి అట. అవ్వ కూడా ఎక్కింది. కిందటేడు కంటి ఆపరేషన్ అయినకాడినుంచి ఇంట్లో అందరికన్నా ఆమె చూపే వాడి.

కొట్లో నన్ను నేల మీద పెట్టారు. ఎదురుగా గోడ పొడవునా మా తర్వాతి తరం. అన్నింట్లోనూ ఒకటే చిలక ఒకటే రెక్క విప్పుతోంది. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. నాకు కేబుల్లో వచ్చే బొమ్మలో ఉండేవి 4,14,720 చుక్కలు. 4కే తెరలో 82,94,400. సరిగ్గా ఇరవై రెట్లు. మూలన లక్షలు చెప్తున్న 8కే తెర ఒకటి ఉంది, దాంట్లో మూడు కోట్ల ముప్పై లక్షల పైచిలుకు. జపాన్లో ఎన్‌హెచ్‌కే 2018 డిసెంబరు నుంచి 8కే చానలే నడుపుతోంది. మన కేబులు పెట్టె దానికి ఏం పెడుతుంది తినడానికి?

కొట్టు కుర్రాడు కాలిక్యులేటరు తీశాడు. పాతికవేల సరుకు మునుపైతే పన్నుతో 32,000, ఇప్పుడు 29,500. నాయన దాన్ని పట్టించుకోలేదు. కైలీలో పోగులు లెక్కపెట్టేటప్పటిలా 43 అంగుళాల 4కే తెరకు ముక్కు ఆనించి చూశాడు. తర్వాత వెనక్కి అడుగులేశాడు. ఒకటి, రెండు... ఏడు. మగ్గం గుంటనుంచి గోడకు మా ఇంట్లో అంతే.

"ఈడ్నించి చూస్తే ఆ పక్కదానికీ దీనికీ తేడా ఏంది?" అని పక్కనున్న ఫుల్ హెచ్‌డీ వైపు చెయ్యి చూపాడు.

నాయన చదివింది ఎనిమిదో తరగతి. అడిగింది మాత్రం కొట్లో ఎవరూ అడగని ప్రశ్న. మామూలు కన్నుకు 43 అంగుళాల తెర మీద ఆ తేడా తెలియాలంటే ఐదున్నర అడుగుల లోపు కూర్చోవాలి. 55 అయితే ఏడడుగుల దాకా పర్వాలేదు. దూరం జరిగితే 83 లక్షల చుక్కలకు కట్టిన డబ్బు గాల్లో కలిసినట్టే.

"4కే అంటే చుక్కలే కాదు నాయనా, రంగులు గూడా" అన్నాడు మనవడు.

"అది చెప్పు. నూలు సన్నమైతే చాలదురా, రంగు నిలబడాల." ఈ మాట నాకు నచ్చింది. నలుపు నల్లగా, వెలుగు వెలుగ్గా రాని చవక తెర మీద ఎన్ని చుక్కలున్నా వెలిసిన కైలీయే. నాయన కుర్రాడి వైపు తిరిగాడు. "చిలకను తీసేయప్పా. మా ఇంట్లో ఏమొస్తాదో అది పెట్టు."

కుర్రాడు ఇష్టం లేకుండానే కేబులు వైరు తగిలించాడు. జెమినీలో సీరియల్ వస్తోంది. ఒక్కో చుక్కను ఇరవైగా సాగదీయాలి గదా, హీరోయిన్ ముఖం తడి చేత్తో తుడిచిన ముగ్గులా ఉంది. అందరూ మాట్లాడకుండా నిలబడ్డారు. నేను నేల మీదనుంచే కాలర్ ఎగరేశాను. నా చిన్న తెరలో అదే ముఖం నున్నగా ఉండేది. నా గొప్ప అంతసేపే.

మనవడు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. మే నెలలో, వైకాశి ఒకటో తేదీన, గుడియాత్తం గంగమ్మ సిరసు తిరునాళ్ళను ఫోన్లో 4కేలో తీసిపెట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పులతో మూడేళ్ళుగా అవ్వ ఆ జనంలోకి పోలేదు. ఫోన్లో చూపిస్తే బొటనవేలంత అమ్మవారికే దండం పెట్టుకుంది. ఇప్పుడు తెరనిండా సిరసు. నిమ్మకాయల దండలో ఒక్కో కాయ మచ్చ, కుంకుమ రాలి బుగ్గ మీద నిలిచిన పొడి, మోసేవాళ్ళ మెడనరాలు. అవ్వ నడిచి నడిచి నాలుగడుగుల దగ్గరకొచ్చేసింది. దండం పెట్టిన చేతులు అట్లాగే ఉన్నాయి. చూపు మాత్రం అమ్మవారిని దాటి తెర మూలకు పోయింది. అక్కడ ఒక అరుగు మీద గుంపు.

"ఆపు. రేయ్, ఆపు దాన్ని."

బొమ్మ ఆగింది.

"ఆ కొనాకు ఉండేది తిరుపత్తూరు వియ్యపురాలు గదా. చెవుల్లో కమ్మలేవి?"

మనవడు దగ్గరికెళ్ళి చూశాడు. నాయన వచ్చి చూశాడు. తమ్మెలకు వేపపుల్లలు గుచ్చుకొని ఉన్నాయి, పుల్ల చివర పచ్చి కూడా తెలుస్తోంది. ఆ కమ్మలు వాళ్ళ పుట్టింటి రాళ్ళ కమ్మలు. నిద్రలో కూడా తీసేది కాదట. నాలో అయితే ఆమె ఒక గోధుమరంగు మరక, అంతే.

"ఇది ఖాయం చేసేదా సార్? వాయిదాలు గూడా ఉండాయి" అన్నాడు కుర్రాడు.

నాయన లుంగీ మడతలో ఉన్న డబ్బు కట్టను తడుముకున్నాడు. "మళ్ళొస్తాం" అన్నాడు. ఎక్స్‌ఛేంజి కింద నాకు ధర అడిగితే, ట్యూబు టీవీలు తీసుకోవడం లేదని, పైగా ప్రభుత్వ ముద్ర ఉందని కుర్రాడు నన్ను కాలితో కొంచెం పక్కకు జరిపాడు.

తిరుగుబండిలో కైలీ మూటలు లేవు గనక నాకు కుదుపు ఎక్కువ. అవ్వ నామీద ఒక చెయ్యి వేసి కూర్చుంది. కాట్పాడి దారిలో పాలారు వంతెన ఎక్కేటప్పుడు కూతురికి ఫోన్ చేయించుకుంది. వాన పడిందా అంది. పిల్లోడి జ్వరం తగ్గిందా అంది. కాసేపాగి, "మీ అత్త కమ్మలు ఏమాయనే?" అంది.

అవతలినుంచి జవాబు వచ్చేలోపు బండి వంతెన దాటేసింది.